వెనకవైపు నీలం పోర్టు

జూన్ 3, మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

అక్క ఉత్తరం రాసిందేంటని కంగారు పడకు. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. బాగా లేనిది నేనొక్కదాన్నే. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషంలో ఎవరో ఒకరం టక్కున పెట్టేస్తామని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పైగా ప్రింటింగ్ మిషన్ల హోరుకి నా కుడి చెవి దాదాపు పోయింది. నువ్వు చెప్పే కంప్యూటర్ పేర్లు ఫోన్లో ఒక్కటీ బుర్రకెక్కవు. కాగితం మీద రాస్తే పక్కన పెట్టుకుని, వేలితో చూసుకుంటూ ఒక్కో పనీ చేసుకుంటాను.

సంగతేంటంటే, మా డిజైన్లు బయటికి పోయాయి. పోయిన గురువారం మా రంగులు కలిపే తాత పరిగెత్తుకుంటూ వచ్చి, వెనక వీధిలో బట్టల మీద ప్రింటు వేసేవాళ్ల అద్దాల కిటికీలో మన గుడ్డ వేలాడుతోందన్నాడు. మన గుడ్డ అక్కడెందుకుంటుంది తాతా, కళ్లజోడు తుడుచుకో అన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి చూశాను. మూడు డిజైన్లు. మూడూ నేను గీసినవే, ఇంకా గుడ్డ మీదికి ఎక్కించనివి. ఒకదాంట్లో ఎడమ మూల ఆకుకి కాడ గీయడం మర్చిపోయాను, తర్వాత దిద్దుదామని వదిలేశాను. వాళ్ల గుడ్డ మీద కూడా ఆ ఆకుకి కాడ లేదురా.

ఓనరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. నన్ను గదిలోకి పిలిచి, "డిజైన్ గది తాళం నీ ఒక్కదాని దగ్గరే ఉంటుంది. ఈ నెలాఖరులోపు ఎవరు తీశారో చెప్పు. చెప్పలేకపోతే ఆ తాళం నా టేబుల్ మీద పెట్టి ఇంటికి వెళ్లు" అంది. ఇరవై ఒక్క ఏళ్లు ఆ గదిలో కూర్చున్నానురా నేను. ఆ కుర్చీ కాళ్ల కింద గచ్చు కూడా అరిగిపోయింది.

నువ్వొకసారి అన్నం తింటూ, కంప్యూటర్‌కి ఏది తగిలించినా అది గుర్తు పెట్టుకుంటుందని ఏదో చెప్పావు. నేను వినిపించుకోలేదు. ఇప్పుడు చెప్పు. ఎక్కడ నొక్కాలి, ఏం చూడాలి, అంతా చిన్నపిల్లకి చెప్పినట్టు రాయి. నాకు ఒకచోట నిలబడబుద్ధి కావట్లేదు. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతుంటే మీ బావ, "కాస్త ఆ కుళాయి దగ్గర నిలబడు, నీళ్లు ఆగాయో లేదో చూడు" అంటున్నాడు. ఆయన వంటింటి కుళాయి విప్పి మూడు రోజులైంది, తిరిగి బిగించడం చేతకావడం లేదు.

వెంటనే రాయి.

అక్క

*

జూన్ 6, శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను, నాలుగోసారి నీ మరదలు చదివింది. "వదినకి ఇంత కష్టం వస్తే ఇంకా ఇక్కడ కూర్చున్నారేంటి, రాయండి" అని నా కంప్యూటర్ రిపేరు షాపులోకే పెన్ను తెచ్చిచ్చింది. పక్కన వెల్డింగ్ వాడు ఇనుప గేటు కోస్తున్నాడు, అక్షరాలు వంకరపోతే వాణ్ని తిట్టుకో.

ముందు ఒక మాట. ఏదీ పీకకు, ఏదీ తీసెయ్యకు, అడిగిన ప్రతిదానికీ "ఎస్" అని నొక్కకు. నీకా అలవాటుంది.

తుడుపు గుడ్డ తీసుకుని కంప్యూటర్ డబ్బా వెనక్కి వెళ్లు. తీగలు దూర్చే సన్నటి నలుచదరపు బొక్కలున్నాయే, అవే యూఎస్‌బీ పోర్టులు. లోపల నాలుక లాంటి ముక్క ఏ రంగులో ఉందో చూడు. నల్లగా ఉంటే రెండో రకం, టూ అంటాం. నీలంగా ఉంటే మూడో రకం, త్రీ. త్రీ చాలా వేగం, టూ నత్తనడక. త్రీ కాస్త ఎక్కువ కరెంటు కూడా ఇస్తుంది. పక్కన ఎస్.ఎస్. అని రెండక్షరాలున్నా అది త్రీయే. అయితే రంగుని పూర్తిగా నమ్మకు, కొందరు చేతికొచ్చిన రంగు వేసేస్తారు. అందుకే తెర మీద కూడా చూడాలి.

తెర మీద కిటికీ గుర్తుంటుంది కదా, దాని మీద మౌసు కుడి బటన్ నొక్కు. ఒక జాబితా లేస్తుంది, అందులో డివైస్ మేనేజర్. అది తెరిస్తే కంప్యూటర్ కడుపులో ఏముందో అంతా వరసగా కనిపిస్తుంది. కింద యూనివర్సల్ సీరియల్ బస్ అన్నచోట ఎక్స్‌టెన్సిబుల్ అనే మాట కనిపిస్తే నీ కంప్యూటర్‌లో త్రీ ఉన్నట్టు. ఎన్‌హాన్స్‌డ్ అని మాత్రమే ఉంటే అన్నీ టూలే.

ఇప్పుడు అసలు సంగతి. పైన వ్యూ అని ఉంటుంది. అందులో షో హిడెన్ డివైసెస్ నొక్కు. దాంతో ఇప్పుడు తగిలించి ఉన్నవే కాదు, ఎప్పుడో తగిలించి పీకేసినవి కూడా వెలిసిపోయిన గుడ్డలా లేతగా కనిపిస్తాయి. డిస్కులు ఒకచోట, ఫోన్లు ఒకచోట ఉంటాయి. ఒక్కోదాని మీద రెండుసార్లు నొక్కి, డీటెయిల్స్‌లోకి వెళ్లి, చివరగా ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అన్న తేదీలు చూడు. అరైవల్ అంటే రావడం, రిమూవల్ అంటే పోవడం. అన్నీ ఒక కాగితం మీద ఎక్కించి నాకు పంపు. తెలియని పేరు ఒక్కటి దొరికినా చాలు, వాడి పని పడదాం.

నీ మేనకోడలికి ముందు పళ్లు రెండూ ఊడాయి. ఎవరు నవ్వించినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నువ్వు బెంగ పడకు, కాస్త తిను.

తమ్ముడు

*

జూన్ 10, మంగళవారం

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ ఉత్తరం తెరకి క్లిప్పు పెట్టి వేలాడదీశాను. వెనక్కి దూరితే తల మీద సాలెగూడు. ముందువైపు రెండు పోర్టులూ నలుపు. వెనక నాలుగింట్లో రెండు నలుపు, రెండు నీలం. ఎక్స్‌టెన్సిబుల్ కనిపించింది. ఏదో పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు "ఉందిరా!" అని గట్టిగా అరిచాను, తాత రంగు డబ్బా వదిలేసి వచ్చాడు.

కీబోర్డులు మూడు కనిపించాయి. ఒకటి ఇప్పటిది, రెండు చచ్చినవి. మౌసు, నేను గీసే పలక, దాని పెన్ను, రంగులు కొలిచే మిషను, గుడ్డ స్కాన్ చేసేది. వీటిలో సగం నాలుగు నోళ్ల హబ్‌కి తగిలించి ఉన్నాయి, ఆ హబ్ ముందువైపు పోర్టుకి ఉంది. చిన్న ఫ్యాన్ మాత్రం కనిపించలేదు. ఏప్రిల్ మొదట్లో కొన్నాను, ఎండకి మొహం మాడిపోతుంటే దాన్నీ హబ్‌కే తగిలించాను. అదెందుకు జాబితాలో లేదు? నీకు తెలిస్తే చెప్పు.

డిస్కులు రెండు. నేను ప్రతి శనివారం డిజైన్లన్నీ ఎక్కించి ఇంటికి తెచ్చుకుంటాను కదా, ఎప్పుడైనా గదికి నిప్పంటుకున్నా మన దగ్గర ఒక కాపీ ఉంటుందని. కొత్తది అగ్గిపెట్టంత ఉంటుంది, అది మొన్న శనివారం వచ్చింది, పోయింది. పాతది ఏప్రిల్ 12న మధ్యాహ్నం రెండూ పద్నాలుగుకి వచ్చింది, రెండూ పద్నాలుగుకే పోయింది. ఆ రోజే అది టక్‌టక్ కొట్టుకుని చచ్చిపోయింది పాపం.

ఇంకొకటుంది. ఇది రాయడానికి పెన్ను మూడుసార్లు కింద పెట్టాను.

ఫోన్లు అన్నచోట ఒకటే పేరు. "ముట్టుకోవద్దు" అని. అలాంటి పేరు పెట్టుకునే మనిషి ఈ భూమి మీద నువ్వొక్కడివే. మార్చి 22న పదకొండూ ముప్పై ఒకటికి వచ్చింది, పదకొండూ యాభై రెండుకి పోయింది. ఆ రోజు నువ్వు నన్ను చూడ్డానికొచ్చావు. నేను ఓనరమ్మ గదిలో ఉన్నాను, నిన్ను నా కుర్చీలో కూర్చోమన్నాను. ఆ మూడు డిజైన్లూ అప్పటికే గీసి పెట్టి ఉన్నాయి.

కోప్పడకు. నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఇరవై ఒక్క నిమిషాలూ ఏం చేశావు? ఎవరికైనా చూపించడానికి ఒకటో రెండో తీసుకున్నావా? అది ఎక్కడికైనా జారిపోయిందా? చెప్పేస్తే ఏదో ఒక దారి చూద్దాం. అడగకపోతే నాకు కుదురు లేదు.

అక్క

*

జూన్ 13, శుక్రవారం

అక్కా,

ఫోన్ చార్జింగ్ అయిపోయింది. చార్జింగ్ పెట్టుకున్నాను. అంతే.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆగలేకపోతున్నాను.

ఆరేళ్ల కిందట నేను పనిచేసే షాపులో కస్టమర్ డిస్క్ పోతే, ముందు నా సంచీ వెతికారు. అందరి ముందూ నా చేత జేబులు తిప్పించారు. నెల తర్వాత ఆ డిస్క్ బీరువా వెనక దొరికింది. ఒక్కడూ నోరు తెరిచి తప్పయిందనలేదు. అప్పుడు నువ్వొక్కదానివే ఆ షాపు మెట్లెక్కి, "మావాడు అలాంటివాడు కాదు" అని వీధంతా వినపడేలా అరిచి వచ్చావు. ఆ అరుపు వల్లే నేను సొంతంగా షాపు తెరిచే ధైర్యం చేశాను. ఇవాళ అదే నోటితో "ఒకటో రెండో తీసుకున్నావా" అంటున్నావు. ఒకటో రెండో అట! మామిడికాయలా?

ఇక లెక్క విను. నా ఫోన్ నీ ముందువైపు నల్ల పోర్టుకి పెట్టాను, అంటే టూ. దాంట్లో నిమిషానికి రెండు జీబీలు కదలడమే గగనం. ఇరవై ఒక్క నిమిషాలకి ఎంత లాగినా నలభై చిల్లరకి మించదు. నువ్వు కంప్యూటర్‌లో గీసిన పదకొండేళ్ల డిజైన్లన్నీ కలిపి మూడొందల పైచిలుకని నువ్వే గొప్పగా చెప్పావు. నా ఫోన్లో మొత్తం చోటే అరవై. ఏ గంగాళంలో పట్టుకుపోయానట?

ఫ్యాన్ జాబితాలో ఎందుకు లేదంటే, అది కరెంటు తాగడం తప్ప కంప్యూటర్‌తో ఒక్క మాటా మాట్లాడదు కాబట్టి. కొన్నాళ్లు నేనూ అలాగే ఉంటాను.

తమ్ముడు

*

జూన్ 16, సోమవారం

ఒరేయ్,

అడిగానే కానీ అన్నానా? అడగడానికీ అనడానికీ తేడా లేదా? నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత నామీద నాకే కోపమొచ్చింది, తర్వాత నీమీదొచ్చింది. చార్జింగ్ పెట్టుకునేవాడివి గోడకి పెట్టుకోవచ్చు కదా! గోడ నిండా ప్లగ్గులే. అక్కడ పెట్టుంటే ఈ గోలంతా లేకపోయేది.

ఇక్కడ పరిస్థితి చెయ్యి దాటింది. శనివారం నీ ఉత్తరం అందిన కాసేపటికే ఓనరమ్మ తనే డిజైన్ గదికి వచ్చి నా పక్కన నిలబడింది. "చూశావట కదా, నాకూ చూపించు" అంది. చూపించాను. ఒక్కోదాని మీదా వేలు పెట్టి ఇదేంటి, ఇదెవరిది అని అడుగుతూ పోయింది. నీ ఫోన్ దగ్గర వేలు ఆగింది. తెలియదని చెప్పుండాల్సింది. నోరు తెరిస్తే "మా తమ్ముడిది" అని వచ్చేసింది. ఏం చేయను, నాకు అబద్ధం ఆడటం ఎప్పుడూ చేతకాలేదు. నువ్వు రాసిన లెక్కంతా అప్పజెప్పాను. నలభై, మూడొందలు, నల్ల పోర్టు, అన్నీ. ఆవిడ విని, "మూడొందలూ తీసుకుపోయారని ఎవరన్నారు? కిటికీలో వేలాడుతున్నవి మూడే. మూడు డిజైన్లకి ఇరవై నిమిషాలు చాలవా?" అంది. "ఆ లెక్క చెప్పింది కూడా ఆ తమ్ముడేగా" అని ఒక నవ్వు నవ్వి వెళ్లిపోయింది.

ఇవాళ పొద్దున మళ్లీ పిలిచింది. నీ దగ్గర నుంచి నేరుగా ఒక ఉత్తరం కావాలంది. కాబట్టి ఓనరమ్మకి నువ్వే రాయి. ఏం రాయాలో నీకు తెలుసు. నేను ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు. నా సీటు ఇప్పుడు నీ చేతుల్లో ఉంది.

శనివారం సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు. చూస్తూనే ఎత్తలేదు. ఎత్తితే ఏమంటానో నాకే భయమేసింది. తినబోతే సయించట్లేదు, గీయబోతే గీత నిలవట్లేదు. నిన్న ఒక్క పువ్వు కోసం మధ్యాహ్నమంతా చెరిపాను.

త్వరగా రాయి.

అక్క

*

జూన్ 19, గురువారం

అక్కా,

రాశాను. పొద్దున్నే కొరియర్ వాడికిచ్చి రసీదు తీసుకున్నాను. శనివారానికల్లా మీ ఓనరమ్మ చేతిలో ఉంటుంది. నీ సీటు గురించి ఇంక బెంగ పెట్టుకోకు. నువ్వు ఏం అడిగావో నాకు అర్థమైంది. నోరు తెరిచి అడగలేక అలా రాశావని కూడా అర్థమైంది. నాకు కోపం లేదు. ఉంది, కానీ పోతుంది.

ఉత్తరం ఇక్కడ ఆపెయ్యాలి. కానీ మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు, నీ జాబితా ముందేసుకుని కూర్చున్నాను, అలవాటు చెడ్డది. ఆ పాత డిస్క్ సంగతి. రెండూ పద్నాలుగుకి వచ్చి రెండూ పద్నాలుగుకే పోయిందని రాశావు. నిజంగా చచ్చిన డిస్క్ అసలు రానే రాదక్కా. అది వచ్చింది, తన పేరు చెప్పుకుంది, అంతలో పడిపోయింది. అది చావు కాదు, ఆకలి. దాని లోపల చక్రం తిరగడానికి కరెంటు కావాలి. నీ హబ్ మొత్తానికీ ముందువైపు నల్ల పోర్టు నుంచి వచ్చేదే కాస్త కరెంటు. అందులోంచి పలక తాగాలి, కొలిచే మిషను తాగాలి, ఇప్పుడు కొత్తగా ఫ్యాను కూడా తాగాలి. ఇక డిస్క్‌కి ఏం మిగులుతుంది? టక్‌టక్ అని కొట్టుకున్నది అందుకే. ఫ్యాన్ కొన్నదీ ఏప్రిల్ మొదట్లోనే అన్నావు కదా, చూసుకో.

దాన్ని పారెయ్యకు. హబ్ లేకుండా నేరుగా వెనకవైపు నీలం పోర్టుకి పెట్టు, నిక్షేపంలా తిరుగుతుంది. అంతవరకు ఎక్కడైనా జాగ్రత్తగా పెట్టు, నీ డిజైన్లన్నీ అందులో బతికే ఉంటాయి.

తమ్ముడు

*

జూన్ 23, సోమవారం

తమ్ముడూ,

ఇది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం అందింది. "పారెయ్యకు" అన్న చోటికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచిపోయాను. ఆ డిస్క్ నా దగ్గర లేదురా. ఏప్రిల్‌లోనే ఇచ్చేశాను.

మా మిషన్లలో రంగు చిమ్మే హెడ్లు శుభ్రం చేసే మెకానిక్ ఒకడున్నాడు. ఈ చుట్టుపక్కల ప్రింటింగు వాళ్లందరికీ అతనే. డిస్కుల లోపల గట్టి అయస్కాంతం ఉంటుందట, స్క్రూలు పడిపోకుండా అంటించుకోవడానికి బాగుంటుందని ఎప్పుడూ అడుగుతుంటాడు. నాదెలాగూ చచ్చింది కదా అని అతని చేతిలో పెట్టాను. "విప్పుకో నాయనా, పుణ్యముంటుంది" అన్నాను కూడా.

పరిగెత్తుకుంటూ అతని దగ్గరికి వెళ్లాను. చెప్పడానికి ఏమాత్రం తటపటాయించలేదు. "విప్పే ముందు ఎందుకైనా మంచిదని నా లాప్‌టాప్‌కి పెట్టి చూశానమ్మా, బంగారంలా తిరిగింది. బతికున్నదాన్ని పగలగొట్టడమెందుకని, వెనక వీధి వాళ్లు డిస్క్ కావాలంటే ఇచ్చాను. లోపల ఏవో పూల బొమ్మలున్నాయి. మీరే ఇచ్చారుగా, తప్పా?" అన్నాడు. ఏమనను? నేనే ఇచ్చాను. పదకొండేళ్ల డిజైన్లు నా చేత్తో నేనే తీసి, పుణ్యమొస్తుందని చెప్పి మరీ ఇచ్చాను. ఇన్నాళ్లూ దొంగ ఎవరని ఊరంతా వెతికాను. నిన్ను అడిగాను. నిన్ను!

అక్కడి నుంచి నేరుగా ఓనరమ్మ గదికి వెళ్లాను, చెప్పేద్దామని. నేను నోరు తెరిచేలోపు ఆవిడే లేచొచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "నీ తమ్ముడు ఒప్పుకున్నాడు. ఇందులో నీ తప్పు లేదు. వెళ్లి నీ సీట్లో కూర్చో. ఆ మనిషి మాత్రం మళ్లీ ఈ గుమ్మం తొక్కకూడదు" అంది. టేబుల్ మీద నీ ఉత్తరం. నీ అక్షరాలు దూరం నుంచే గుర్తుపట్టాను.

నిలబడ్డాను, తల ఊపాను, బయటికొచ్చేశాను. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. తాత వచ్చి "పోనీలే తల్లీ, గండం గడిచింది" అంటే సరే అన్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను పుట్టాక చెయ్యలేదు.

ఎందుకు రాశావు? చెయ్యని పని చేశానని ఎవరైనా రాసిస్తారా? తియ్యలేదని నిజం రాయమన్నాను కదా!

అక్క

*

జూన్ 26, గురువారం

అక్కా,

ఎక్కడన్నావు? నీ ఉత్తరం ఇదిగో నా ముందుంది. "ఏం రాయాలో నీకు తెలుసు. ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు. నా సీటు నీ చేతుల్లో ఉంది." ఇందులో నిజం రాయమని ఎక్కడుంది? నేను నెత్తినేసుకుంటేనే నీ సీటు నిలబడుతుందని అడుగుతున్నావనుకున్నాను. రెండు రోజులు ఆలోచించాను. అక్క నోరు తెరిచి నన్నేదీ అడిగింది లేదు ఇంతవరకు, మొదటిసారి అడిగింది, అదీ సగమే అడిగింది అనుకున్నాను. రాసేశాను.

మనిద్దరం ఫోన్లో పోట్లాడుకోవడమే నయం. కనీసం ఏమన్నావో మళ్లీ చెప్పు అని అడిగేవాణ్ని.

సరే, అయ్యిందేదో అయ్యింది. నా మాట విను. నువ్విప్పుడు ఏమీ చెప్పకు. ఆ డిస్క్ నువ్వు కావాలని ఇచ్చావా? ఆ ఫ్యాన్‌కి కరెంటు పోతుందని నీకు కలొచ్చిందా? నేనున్నది వేరే ఊళ్లో, మీ ఓనరమ్మ ఏమనుకుంటే నాకేంటి? నా పేరు అప్పుడొకసారి పోయింది, ఇంకోసారి పోతే కొత్తగా నష్టమేం లేదు. నీది ఇరవై ఒక్క ఏళ్ల సీటు. ఈ వయసులో ఇంకో గదిలో చాప పరుస్తావా? గమ్మునుండు. అంతే.

నీ మరదలికి ముందు చెప్పలేదు. కొరియర్ రసీదు జేబులో చూసి అడిగింది, చెప్పాను. తర్వాత "రేపు మన పిల్ల పెద్దయ్యాక ఎవరో ఒకరు దానికి చెప్తారు. అప్పుడు మీరేమంటారు?" అని మాత్రం అడిగింది. నువ్వు పట్టించుకోకు, ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. ఈ రెండు రోజులుగా నాకు ఏ పనీ చేతికి రావట్లేదు. ఒక కస్టమర్ కంప్యూటర్ విప్పి, మళ్లీ బిగిస్తే నాలుగు స్క్రూలు మిగిలాయి.

చెప్పనని ఒట్టేసి రాయి.

తమ్ముడు

*

జూన్ 30, సోమవారం

తమ్ముడూ,

ఒట్టు వెయ్యలేదు. నీ ఉత్తరం శనివారమే అందింది. నిన్నంతా ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగాను. మీ బావ కుళాయి సంగతి వదిలేసి, "కూర్చోవే, నీ వెనక తిరగలేక నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. ఆయనకంతా చెప్పాను. కాసేపు తల గోక్కుని, "నువ్వు చెప్పేస్తే ఇల్లు ఎలా గడుస్తుందని అడగను. చెప్పకపోతే నీతో ఈ ఇంట్లో ఎలా గడుస్తుందని మాత్రం భయంగా ఉంది" అన్నాడు. నలభై ఏళ్లకి ఒక మంచి మాట అన్నాడు మనిషి.

ఇవాళ పొద్దున్నే వెళ్లి ఓనరమ్మని డిజైన్ గదికి రమ్మన్నాను. తాతనీ పిలిచాను, మిషన్ల దగ్గరి వాళ్లనీ పిలిచాను. ఆఫీసు గదిలో నా పాతదాని లాంటి డిస్కే ఒకటుంటే తెప్పించాను. ముందు హబ్‌కి పెట్టి, పక్కన ఫ్యాన్ తిప్పాను. టక్‌టక్, టక్‌టక్. తెర మీద ఒక్క క్షణం కనిపించి మాయమైంది. "చచ్చిందా?" అన్నాను. "చచ్చింది" అన్నాడు తాత. తీసి వెనకవైపు నీలం పోర్టుకి పెట్టాను. జుయ్యిమని తిరిగింది, లోపలున్నవన్నీ తెర మీదికి వచ్చాయి. "నేనూ ఇలాగే చచ్చిందనుకున్నాను. లోపల డిజైన్లున్నాయని తెలిసి కూడా, చచ్చింది కదా అని మెకానిక్ చేతికిచ్చాను. దొంగ ఎవరూ లేరు, ఇచ్చింది నేనే. మా తమ్ముడు నా సీటు కోసం అబద్ధం రాశాడు" అన్నాను. ఒక్క ముక్కా మింగలేదు.

ఓనరమ్మ వంగి ఆ నీలం పోర్టు చూసింది. "నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు" అంది. అవునన్నాను. "అయినా తాళం పెట్టి వెళ్లాల్సిందే. పదకొండేళ్ల డిజైన్లు ఎదుటివాళ్ల చేతిలో పడ్డాయి, మళ్లీ రావు" అంది. అదీ నిజమే. నేను ఆవిడ స్థానంలో ఉన్నా అదే అనేదాన్ని.

ఆవిడ గదికి వెళ్లాం. తాళం చేతిలో పట్టుకుని, "ముందు మా తమ్ముడి ఉత్తరం ఇవ్వండి" అన్నాను. "అది నాకు రాసింది" అంది. "రాసింది మీకే, రాయించింది నేను. అది మీ ఫైల్లో ఉండగా నేనీ గుమ్మం దాటను" అన్నాను. నా జన్మలో ఆవిడతో అలా మాట్లాడలేదు. సొరుగు తెరిచి, ఉత్తరం తీసి నా ముందు పెట్టింది. నేను తాళం పెట్టాను. బయటికొస్తుంటే, "గుమ్మం తొక్కొద్దని నేనన్న మాట నీ తమ్ముడికి చెప్పకు" అంది మెల్లగా. అప్పుడే రాసేశాను కదా, నీకు చెప్పకుండా ఉండటం నావల్ల కాదు.

రేపటి నుంచి ఎక్కడికి వెళ్లాలో తెలియదు. ఇంటికొచ్చాక కూడా భుజాన సంచీ వేసుకునే ఒక గంట అటూ ఇటూ తిరిగాను. భయంగానే ఉంది. కానీ ఇవాళ అన్నం తిన్నాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

నిన్ను అడిగినందుకు తప్పయిపోయిందిరా. ఆ రోజు ఆ షాపు వాళ్లెవరూ ఈ మాట అనలేదన్నావు. నేను అంటున్నాను. తప్పయింది, తప్పయింది.

నీ ఉత్తరం ఇందులో పెట్టి పంపుతున్నాను. మరదలి ఎదురుగా, పిల్ల ఎదురుగా ముక్కలు ముక్కలుగా చింపు. మధ్యలో చిల్లు ఉందేంటని అడక్కు. అక్కడ "మా అక్కకి ఏ పాపం తెలియదు" అని రాశావు. అది అబద్ధమే, తెలుసు. అయినా దాన్ని నీ చేత చింపించబుద్ధి కాలేదు. ఆ ఒక్క లైనూ కత్తిరించి నేను దాచుకున్నాను.

మీ అక్క